పెద్ద కంపెనీయా, క్లస్టరా, సైన్స్ పార్కా, స్టార్టప్ నిధా? ప్రాంతానికి ఏ దారి నప్పుతుంది

ఒక ప్రాంతంలో ఉపాధి పెంచాలని కూర్చున్న ప్రతి సమావేశంలోనూ వినపడే ప్రతిపాదనలు ఇంచుమించు ఇవే. పెద్ద కంపెనీని రప్పిద్దామని ఒకరు, యూనివర్సిటీ పక్కన పరిశోధన చేసే కంపెనీల కోసం సైన్స్ పార్క్ కడదామని ఇంకొకరు అంటారు. ఉన్న చిన్న యూనిట్లకు టెస్టింగ్ ల్యాబ్ పెడితే చాలని పరిశ్రమల సంఘంవాళ్లు, స్టార్టప్‌లకు నిధి ఇవ్వమని కుర్రవాళ్లు అడుగుతారు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట బ్రహ్మాండంగా పండినవే, ఇంకొకచోట తాళాలు వేసిన షెడ్లుగా మిగిలినవే. ఆ నేలలో అప్పటికే ఉన్న పనితనానికి ఎంచుకున్న దారి అతికిందా లేదా అన్నదాని మీదే చాలావరకు ఫలితం ఆధారపడింది. అందుకే ఏది గొప్పదని కాకుండా, ఎవరికి ఏది నప్పుతుందని ఇక్కడ చూద్దాం.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. ఒకే ఎస్టేటులో ఇరవై షెడ్లు పక్కపక్కన ఉన్నంతమాత్రాన అది క్లస్టర్ అవదు. ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే దీనికి మూడు గుర్తులు చెప్పాడు: ఆ పని తెలిసిన మనుషులు చుట్టుపక్కల పుష్కలంగా దొరకడం, ముడిసరుకు, విడిభాగాలు, మరమ్మతు చేసేవాళ్లు దగ్గర్లోనే ఉండటం, ఒకరు కనిపెట్టిన మెళకువ నెలల్లోనే పక్కవాళ్లకు పాకడం. ఈ మూడూ లేకపోతే అది పారిశ్రామిక వాడ. వాడ కట్టడం తప్పేమీ కాదు, కానీ క్లస్టర్ నుంచి వచ్చే లాభాన్ని దాన్నుంచి ఆశించకూడదు.

## ముందు ఏం కొలవాలి

సాంద్రత. లొకేషన్ కోషెంట్ అనే లెక్క ఉంది. ప్రాంతంలోని మొత్తం కార్మికుల్లో ఒక రంగంలో పనిచేసేవాళ్ల శాతాన్ని, దేశం మొత్తం మీద అదే రంగపు శాతంతో భాగించాలి. ఉదాహరణకు ప్రాంతంలో 2,00,000 మంది కార్మికులుంటే అందులో 8,000 మంది లోహపు పోతపనిలో ఉన్నారనుకుందాం: 4 శాతం. దేశంలో 5 కోట్ల మందిలో 5 లక్షల మంది ఆ పనిలో ఉంటే 1 శాతం. కోషెంట్ 4. ఒకటి దాటితే ఆ రంగం మీ దగ్గర సగటు కంటే చిక్కగా ఉన్నట్టు, రెండు దాటితే తీరిగ్గా చూడాల్సినంత చిక్కగా ఉన్నట్టు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ 8,000లో 7,000 మంది ఒకే ఫ్యాక్టరీలో ఉన్నా కోషెంట్ 4 అనే వస్తుంది. అందుకే దాని పక్కనే ఇంకో రెండు అంకెలు రాసుకోవాలి: యూనిట్లు ఎన్ని, అన్నిటికంటే పెద్ద యూనిట్ వాటా ఎంత. దీనికి తిరగబడిన పొరపాటు కూడా ఉంది. ఇళ్లలో, రిజిస్టర్ కాని షెడ్లలో జరిగే పని గణాంకాలకు ఎక్కదు. ముడిసరుకు డీలర్ల అమ్మకాలు, పారిశ్రామిక కరెంటు కనెక్షన్లు చూస్తే అసలు పరిమాణం బయటపడుతుంది.

అల్లిక. ముప్పై యూనిట్లకు వెళ్లి అయిదు ప్రశ్నలు అడగండి. చివరి మూడు జాబ్ వర్కులు ఎవరికిచ్చారు? మెషిన్ ఆగిపోతే ఎవరొచ్చి బాగుచేస్తారు, ఎన్ని గంటల్లో? ముడిసరుకు ఎక్కణ్ణుంచి, ఎన్ని రోజుల్లో వస్తుంది? కొత్తగా చేరిన ఇద్దరు పనివాళ్లు అంతకుముందు ఎక్కడ పనిచేశారు? శాంపిల్ టెస్టింగ్‌కు ఎక్కడికి పంపుతారు? జవాబులను ఒక పటం మీద గీతలుగా గీస్తే చాలు. గీతలు ప్రాంతంలోపలే అల్లుకుంటే క్లస్టర్ ఉన్నట్టే. ఒకే రకం గీత పదేపదే బయటికి పోతుంటే, ఉదాహరణకు అన్ని శాంపిళ్లూ రెండు రోజుల ప్రయాణం దూరానికి పోతుంటే, మీ అడ్డంకి అదే. ఈ పటం గీయకుండా ఒక్క దారిని కూడా ఎంచుకోకూడదని గట్టిగా చెబుతాను. దీనికి పట్టేది నెలన్నర, ఇద్దరు మనుషులు.

ఓపిక. ఉమ్మడి సదుపాయ కేంద్రం రెండు మూడేళ్లలో ఫలితం చూపగలదు. పెద్ద కంపెనీ మూడు నుంచి అయిదేళ్లలో ఉద్యోగాలిస్తుంది, కానీ స్థానిక సరఫరాదారులు నిలదొక్కుకోవడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. పరిశోధన మీద పెట్టిన పెట్టుబడికి పదిహేను ఇరవై ఏళ్లు లెక్కేసుకోవాలి. పదవీకాలం అయిదేళ్లున్న నాయకత్వం ఇరవై ఏళ్ల పనిని మొదలుపెట్టవచ్చు, కానీ దాన్ని ఎవరు మోస్తారో ముందే కాగితం మీద ఉండాలి.

పోతే ఏం మిగులుతుంది. ఈ కొలతకు అన్నిటికంటే ఎక్కువ బరువివ్వాలి. కంపెనీ పోవచ్చు, పార్క్ ఖాళీ కావచ్చు, స్టార్టప్‌లు మూతపడవచ్చు. ఆ తర్వాత ఆ ప్రాంతపు మనుషుల చేతుల్లో, తలల్లో మిగిలే పనితనం ఎంత?

ఉమ్మడి భారం. నీళ్లు, వ్యర్థజలాలు, కరెంటు, పనివాళ్ల ఇళ్లు. ఒక్కో యూనిట్ పెరిగినప్పుడు కనపడని భారం నూరు యూనిట్లు పెరిగేసరికి ఒక్కసారిగా మీదపడుతుంది.

## మొదటి దారి: ఉన్న చిన్న యూనిట్లను బలపరచడం

ఒకే రంగంలో యాభైకి పైగా చిన్న యూనిట్లుండి, విడివిడిగా ఎవరూ కొనలేని సదుపాయం ఒకటి లోపిస్తే ఇదే మొదటి ఎంపిక. టెస్టింగ్ ల్యాబ్, హీట్ ట్రీట్‌మెంట్, టూల్ రూమ్, వ్యర్థజలాల శుద్ధి ప్లాంట్, డిజైన్ సమాచారం లాంటివి.

ఇటలీలోని ఎమీలియా రొమాన్యా ప్రాంతం దీనికి మంచి పాఠం. 1950లలోనే మోడెనా పురపాలక సంఘం చిన్న వృత్తిదారుల కోసం స్థలాలు సిద్ధం చేసి, షెడ్లు కట్టుకునే వీలు కల్పించింది. అల్లిక దుస్తులకు పేరుపడ్డ కార్పి పట్టణంలో 1980లో సిటేర్ అనే సమాచార కేంద్రం వెలిసింది. రాబోయే సీజన్ రంగులు, నూలు, డిజైన్ల గురించిన సమాచారం సేకరించి చిన్న యూనిట్లకు అందించడం దాని పని. నలుగురు పనివాళ్లున్న షెడ్డు విదేశీ ఫ్యాషన్ మార్కెట్‌ను గమనిస్తూ ఉండలేదు. కాబట్టి ఆ పని అందరి తరఫున ఒక్కరు చేశారు. పెద్ద యంత్రమేదీ కొనకుండానే క్లస్టర్‌కు ఎంతో మేలు చేయవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ సర్జికల్ పరికరాల క్లస్టర్‌కు 1994లో పెద్ద దెబ్బ తగిలింది. నాణ్యత ప్రమాణాలు అందుకోలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అక్కడి సరుకును అడ్డుకుంది. అప్పటిదాకా ధర తగ్గించి ఒకరి ఆర్డర్లు ఒకరు లాక్కున్న ఎగుమతిదారులు, ఆ దెబ్బతో సంఘంగా కూర్చుని, ప్రభుత్వ సాయంతో నాణ్యతా పద్ధతుల శిక్షణ తెచ్చుకుని మళ్లీ నిలబడ్డారు. అదే ఊరి వ్యాపారులు తర్వాత సొంత పెట్టుబడితో విమానాశ్రయమే కట్టుకున్నారు, అది 2007 నుంచి నడుస్తోంది. కలిసి పనిచేసే అలవాటు కూడా ఒక ఆస్తే. అది ఒకసారి కుదిరితే ఇంకో పనికి కూడా అక్కరకొస్తుంది.

ఇక ఎక్కడ చెడుతుందో చూద్దాం. ఎక్కువగా మెషిన్ గంటల దగ్గరే.

రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు లెక్కన ఒక టెస్టింగ్ మెషిన్‌కు 2,000 గంటలు దొరుకుతాయి. ఆపరేటర్ జీతం, క్యాలిబ్రేషన్ (కొలతలు సరిగ్గా వస్తున్నాయో లేదో సరిచూడటం), విడిభాగాలు, కరెంటు అన్నీ రాబట్టడానికి 1,200 గంటలు అమ్ముడుపోవాలనుకుందాం. ఇరవై అయిదు యూనిట్లు తలా 60 గంటలు వాడతామని సర్వే ఫారంలో రాస్తాయి. మొత్తం 1,500 గంటలు, ప్రాజెక్టు రిపోర్టు దిట్టంగా కనపడుతుంది. కానీ మాట ఇవ్వడానికి ఖర్చుండదు. నిజంగా వాడేది 30 గంటలే అయితే వచ్చేది 750. తక్కువ పడిన 450 గంటలు పూడ్చాలంటే ఇంకో పదిహేను యూనిట్లు కావాలి. మొదటి రెండేళ్లు గ్రాంటు డబ్బుతో నెట్టుకొస్తారు. మూడో ఏడు క్యాలిబ్రేషన్ ఆగిపోతుంది, నాలుగో ఏడు ఆపరేటర్ వెళ్లిపోతాడు, మెషిన్ మీద గుడ్డ కప్పేస్తారు.

దీనికి విరుగుడు సులభమే. ఎన్ని గంటలు వాడతారని అడగొద్దు. గడిచిన పన్నెండు నెలల్లో బయటి ల్యాబులకు కట్టిన బిల్లులు చూపించమనండి. బిల్లుల్లో ఉన్నదే అసలు గిరాకీ. ఆ తర్వాత ప్రతి సభ్యుడి దగ్గరా మొదటి ఏడాది గంటల్లో సగానికి సొమ్ము ముందే కట్టించుకోండి. కట్టనివాళ్లకు ఆ అవసరం లేనట్టే.

ఇంకో రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. ఒకటి, ల్యాబ్ కట్టి గుర్తింపు తెచ్చుకోకపోవడం. ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 (టెస్టింగ్ ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు లేని ల్యాబ్ ఇచ్చిన రిపోర్టును కొనుగోలుదారు పక్కన పెడతాడు. శాంపిల్ మళ్లీ పాత ల్యాబుకే పోతుంది. భవనం పని మొదలైన రోజే గుర్తింపు పని కూడా మొదలు కావాలి. రెండు, కేంద్రం నలుగురు పెద్ద సభ్యుల చేతిలో పడటం. తమ డిజైన్ ఎదుటివాడికి తెలిసిపోతుందన్న భయంతో చిన్నవాళ్లు గడప తొక్కరు. మేనేజర్‌గా ఏ సభ్యుడి బంధువూ ఉండకూడదు. జాబ్ కార్డు మీద యూనిట్ పేరుకు బదులు కోడ్ నంబరు ఉండాలి. ఏ కంపెనీకీ మిగతావాళ్ల కంటే ఎక్కువ ఓట్లు ఉండకూడదు.

ఉమ్మడి భారాన్ని మరిచిపోతే ఏమవుతుందో తిరుప్పూర్ చూపించింది. అల్లిక దుస్తుల ఎగుమతులు పెరిగినకొద్దీ అద్దకం యూనిట్లు పెరిగాయి, ఉప్పు నిండిన రంగునీళ్లు నొయ్యల్ నదిలోకి చేరాయి, దిగువ రైతుల పొలాలు పాడయ్యాయి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఏడు వందలకు పైగా అద్దకం, బ్లీచింగ్ యూనిట్లు మూతపడ్డాయి. కుట్టుపని, నిట్టింగ్ యూనిట్ల తప్పేమీ లేకపోయినా, అద్దకం ఆగేసరికి గొలుసంతా తడబడింది. ఆ తర్వాత రివర్స్ ఆస్మోసిస్, ఎవాపరేటర్లు పెట్టి నీటినీ ఉప్పునూ తిరిగి వాడే పద్ధతికి మారాల్సి వచ్చింది. శుద్ధి ప్లాంటును మొదట్లోనే కడితే అది ఖర్చులా కనపడుతుంది. ఆలస్యమైతే క్లస్టర్ ప్రాణం మీదికే వస్తుంది. నీళ్లు వాడే ఏ రంగమైనా సరే, యూనిట్ల సంఖ్యకు పరిమితిని నది మోయగలిగినదాన్నిబట్టి పెట్టాలి, ఖాళీ ప్లాట్లను చూసి పెట్టకూడదు.

## రెండో దారి: పెద్ద కంపెనీని రప్పించడం

ఇలా చుట్టూ చిన్న యూనిట్లకు ఆధారమయ్యే పెద్ద కంపెనీని యాంకర్ కంపెనీ అంటారు. అది వస్తే ఉద్యోగాలు త్వరగా కనపడతాయి, పేపర్లలో ఫోటోలు వస్తాయి, అందుకే ఈ దారికి ఆకర్షణ ఎక్కువ. అసలు ప్రశ్న ఆ కంపెనీ వచ్చిన పదేళ్ల తర్వాతిది: దాని గేటు బయట ఎంతమంది సరఫరాదారులు పుట్టారు?

మలేషియాలోని పెనాంగ్ 1972లో బయాన్ లెపాస్ ఫ్రీ ట్రేడ్ జోన్ తెరిచింది. ఇంటెల్, బాష్, హ్యూలెట్ ప్యాకార్డ్ లాంటివి తొలి విడతలోనే వచ్చాయి. అక్కడితో ఆగి ఉంటే అది చవక కూలీకి అసెంబ్లీ చేసే చోటుగానే మిగిలేది. కంపెనీలు, ప్రభుత్వం, విద్యాసంస్థలు కలిసి 1989లో పెనాంగ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టాయి. ఏ శిక్షణ కావాలో కంపెనీలే చెప్పాయి, యంత్రాలు, శిక్షకులను ఇచ్చాయి. ఒక కంపెనీ తర్ఫీదు ఇచ్చిన టెక్నీషియన్ ఇంకో కంపెనీకి, అక్కణ్ణుంచి సొంత వర్క్‌షాప్‌కు పోయే దారి ఏర్పడింది.

కోస్టారికాకు ఇంటెల్ 1990ల చివర్లో వచ్చింది. 2014లో అక్కడి అసెంబ్లీ, టెస్టింగ్ విభాగాన్ని మూసేస్తానని ప్రకటించినప్పుడు సుమారు 1,500 ఉద్యోగాలు పోయాయి. అయినా ఆ దేశం కుప్పకూలలేదు. ఆ పదిహేనేళ్లలో ఇంజనీర్ల చదువులు, నాణ్యతా అలవాట్లు పెరిగాయి, అవే వైద్య పరికరాల కంపెనీలను రప్పించాయి. ఫిన్‌లాండ్‌లోని సాలో చిన్న పట్టణం. నోకియా ఫ్యాక్టరీ 2012లో మూతపడ్డప్పుడు అక్కడి చాలా ఇళ్లు ఒకే కంపెనీ జీతం మీద ఆధారపడి ఉన్నాయన్న సంగతి అందరికీ తెలిసొచ్చింది. అదే నోకియా వాతావరణంలో పెరిగిన ఔలు నగరానికి మాత్రం యూనివర్సిటీ, 1974 నుంచి అక్కడున్న వీటీటీ పరిశోధనా కేంద్రం ఆసరా అయ్యాయి. రేడియో టెక్నాలజీ తెలిసిన ఇంజనీర్లు వేరే ఉత్పత్తుల వైపు మళ్లగలిగారు. దెబ్బ రెండు ఊళ్లకూ తగిలింది, లేచే శక్తి మాత్రం ఒకేలా లేదు.

ఒప్పందం రాసేటప్పుడు ఇవి పట్టుబట్టండి:

- రాయితీ మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. ఉద్యోగాల సంఖ్య, స్థానిక కొనుగోళ్లు, శిక్షణ పొందినవాళ్ల సంఖ్య, ఈ మూడింటికీ ముడిపెట్టి విడతలుగా ఇవ్వండి. గడువుకు ముందే వెళ్లిపోతే ఎంత తిరిగి కట్టాలో అంకె రాయండి.
- "స్థానికులకు ప్రాధాన్యం" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ వస్తువులు స్థానికంగా కొనవచ్చో జాబితా జతచేయండి. మొదట ప్యాకింగ్, ప్యాలెట్లు, తర్వాత జిగ్‌లు, ఫిక్స్చర్లు (పని చేసేటప్పుడు భాగాన్ని కదలకుండా పట్టి ఉంచేవి), స్పేర్ల మ్యాచినింగ్, ఆ తర్వాతే ఉత్పత్తిలోకి వెళ్లే భాగాలు. ఈ వరస తప్పి నేరుగా చివరి మెట్టుకు దూకించిన చిన్న యూనిట్లు శాంపిల్ దగ్గరే తిరస్కారానికి గురవుతాయి.
- చెల్లింపు గడువు. తొంభై రోజులకు బిల్లు ఇచ్చే కంపెనీకి సరుకు అందించే చిన్న యూనిట్ మూడు నెలల ముడిసరుకు, మూడు నెలల జీతాలు తన జేబులోంచి పెట్టుకోవాలి. ఆర్డర్ చేతిలో ఉండగానే వర్కింగ్ క్యాపిటల్ లేక మూతపడటం ఇక్కడ మామూలే. బిల్ డిస్కౌంటింగ్, అంటే బిల్లు చూపించి బ్యాంకు నుంచి ముందే డబ్బు తీసుకునే ఏర్పాటు, ఒప్పందంలోనే ఉండాలి.

ఒకే కంపెనీ వాటా ప్రాంతపు పారిశ్రామిక ఉపాధిలో మూడో వంతు దాటుతుంటే, ఆ రోజు నుంచే రెండో కాలు కోసం వెతకడం మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కంపెనీ బాగున్నప్పుడే ఆ పని చేయగలం. మూత ప్రకటన వచ్చాక బేరమాడే శక్తి మన చేతిలో ఉండదు.

## మూడో దారి: సైన్స్ పార్క్, పరిశోధనా సంస్థ

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 1951లో తన స్థలంలో పారిశ్రామిక పార్క్ పెట్టింది. నార్త్ కరోలినాలో మూడు యూనివర్సిటీల నడుమ 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ పుట్టింది. ఐబీఎం అక్కడికి వస్తున్నట్టు ప్రకటించడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. జపాన్ 1983లో టెక్నోపోలిస్ చట్టం చేసి ఇరవై ఆరు ప్రాంతాలను ఎంచుకుంది. రోడ్లు, భవనాలు వచ్చాయి, ఫ్యాక్టరీలు కూడా వచ్చాయి. కానీ అవి ఎక్కువగా బ్రాంచి ప్లాంట్లు. నిర్ణయాలు తీసుకునేవాళ్లు, అగ్రశ్రేణి పరిశోధన పెద్ద నగరాల్లోనే ఉండిపోయాయి. ఒకేసారి ఇరవై ఆరు చోట్ల పంచితే ఒక్కచోట కూడా మనుషుల గుంపు కట్టదు.

పార్క్ విలువ భవనంలో ఉండదు, అందులోంచి బయటికి నడిచి వెళ్లే మనుషుల్లో ఉంటుంది. 1957లో కాలిఫోర్నియాలోని షాక్లీ సెమీకండక్టర్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ నుంచి ఎనిమిది మంది బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ స్థాపించారు. దాన్నుంచి మళ్లీ మరెన్నో కంపెనీలు చీలాయి. ఉద్యోగి వెళ్లి పోటీ కంపెనీలో చేరకూడదన్న ఒప్పందాలు కాలిఫోర్నియా చట్టం ముందు చెల్లవు, ఈ చీలికలకు అది బాగా తోడ్పడింది. ఉద్యోగులను కట్టిపడేసే నిబంధనలు పెట్టుకుని ఆవిష్కరణలు ఆశించడం కుదరదు.

తైవాన్ ఇదే పనిని ప్రభుత్వ సంస్థతో చేసింది. ఇట్రీ అనే పరిశోధనా సంస్థ 1973లో ఏర్పడింది. 1976లో అమెరికన్ కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్‌ల తయారీ సాంకేతికతకు లైసెన్సు తీసుకుని, యువ ఇంజనీర్లను అక్కడికే పంపి నేర్పించింది. ముందు చిన్న పైలట్ ప్లాంట్ నడిపింది. 1980లో షిన్‌చూ సైన్స్ పార్క్ తెరుచుకుంది, అదే ఏడాది ఇట్రీ నుంచి చిప్‌ల కంపెనీలు యూఎంసీ, 1987లో టీఎస్ఎంసీ బయటికొచ్చాయి. ఈ వరసను గమనించండి: ముందు మనుషులు, తర్వాత పైలట్ ప్లాంట్, ఆ తర్వాత పార్క్, చివర్లో కంపెనీలు. చాలాచోట్ల దీన్ని తిరగేసి పార్కుతో మొదలుపెడతారు.

హైదరాబాద్ మందుల పరిశ్రమ కూడా ఈ కోవలోదే. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్ ప్లాంటులో వందలాది కెమిస్టులు బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) తయారీ చేతులారా నేర్చుకున్నారు. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదనే పేటెంట్ ఇవ్వడంతో, వేరే పద్ధతిలో చేయగలవాళ్లకు దారి తెరుచుకుంది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఐడీపీఎల్ 1992 నాటికి ఖాయిలా పరిశ్రమల జాబితాలోకి చేరింది. దాని లాభనష్టాల ఖాతా ఒక్కటే చూస్తే అది విఫలమైన సంస్థ. అది తయారుచేసిన మనుషులను లెక్కేస్తే ఒక ప్రాంతానికి అంతకంటే మంచి పెట్టుబడి దొరకడం కష్టం.

పరిశోధనా సంస్థ పరిశ్రమకు దూరమైపోకుండా ఉండాలంటే నిధుల తీరు చూసుకోవాలి. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలకు ప్రభుత్వం నేరుగా ఇచ్చే మూలనిధి సుమారు 30 శాతమే. మిగతాది కంపెనీల కాంట్రాక్టులు, పోటీపడి తెచ్చుకున్న ప్రాజెక్టుల నుంచి రాబట్టుకోవాలి. మూలనిధి పూర్తిగా లేకపోతే దీర్ఘకాలిక పరిశోధన ఉండదు, మొత్తం అదే అయితే కంపెనీ గడప ఎక్కే అవసరం ఉండదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. స్విస్ గడియారాల కంపెనీలు 1962లో న్యూషాటెల్‌లో ఉమ్మడి ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల పెట్టుకున్నాయి. క్వార్ట్జ్ చేతిగడియారం నమూనాను 1967కే తయారుచేశాయి. అయినా మెకానికల్ గడియారాల్లో ఉన్న పట్టు వదులుకోలేక తాత్సారం చేశాయి, 1969లో జపాన్ సీకో క్వార్ట్జ్ గడియారాన్ని ముందుగా మార్కెట్లోకి తెచ్చింది. 1970లో దాదాపు 90,000 మందికి ఉపాధినిచ్చిన స్విస్ గడియారాల పరిశ్రమ 1980ల నడిమికి ముప్పై వేల చిల్లరకు కుంచించుకుపోయింది. ఆవిష్కరణ ల్యాబులో ఉంటే సరిపోదు, దాన్ని తీసుకునే మనసు యూనిట్లకుండాలి. క్లస్టర్ ఎంత గట్టిగా అల్లుకుంటే, అందరూ ఒకేసారి ఒకే తప్పు చేసే ప్రమాదం అంత ఎక్కువ.

## నాలుగో దారి: స్టార్టప్ నిధి

ఇది క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే విడిగా నిలబడే దారి కాదిది. మూడో దారిలో పుట్టే మనుషులు లేకుండా నిధి మాత్రమే పెడితే డబ్బు వేరే నగరాలకు తరలిపోతుంది.

నిధి పెట్టడానికి ఇజ్రాయెల్ రెండు పద్ధతులు ప్రయత్నించింది. 1992 నాటి ఇన్‌బాల్ పథకంలో ప్రభుత్వం నిధుల నష్టానికి 70 శాతం దాకా హామీ ఇచ్చింది. నష్టం భయం తగ్గింది కానీ, కష్టపడి కంపెనీలను పెంచాలన్న కారణం కూడా తగ్గింది, పథకం ఫలించలేదు. 1993లో వచ్చిన యోజ్మా 10 కోట్ల డాలర్లతో మొదలై, పది నిధుల్లో ఒక్కోదానికి దాదాపు 80 లక్షల డాలర్లు, అంటే 40 శాతం వాటా పెట్టింది. మిగతా 60 శాతం ప్రైవేటువాళ్లు తేవాలి, అందులో అనుభవమున్న విదేశీ భాగస్వామి ఉండాలి. లాభం కనపడితే ప్రభుత్వ వాటాను అయిదేళ్లలోపు అసలు, వడ్డీ మాత్రమే కట్టి కొనుక్కోవచ్చు. నష్టానికి హామీ ఇవ్వకుండా లాభంలో ఆశ చూపించడమే రెండోది పనిచేయడానికి కారణం. ఇవాళ నిధి రూపొందించేవాళ్లు ఈ ఒక్క తేడా పట్టుకున్నా చాలు.

## అయిదో దారి: పక్క రంగంలోకి జరగడం

ఉన్న రంగం సన్నగిల్లుతున్న ప్రాంతాలకు ఇది తగినది. ఇటలీలోని సస్సువోలో టైల్స్ తయారీదారుల చుట్టూ టైల్స్ యంత్రాలు చేసేవాళ్లు పెరిగి, చివరికి ప్రపంచమంతటికీ యంత్రాలు అమ్మారు. ఒహాయోలోని ఆక్రన్ టైర్ల ఫ్యాక్టరీలు పోయాక పాలిమర్ల పరిశోధన మీద నిలబడింది. స్విస్ గడియారాల లోయల్లోని సూక్ష్మ లోహపనితనం వైద్య పరికరాల్లోకి మళ్లింది. ఐరోపా యూనియన్ 2014 నుంచి ప్రాంతీయ ఆవిష్కరణ నిధులకు ఇలాంటి ప్రణాళికనే షరతు చేసింది.

పద్ధతి ఇది: ఉత్పత్తి పేరు పక్కనపెట్టి, ఆ ప్రాంతం చేతులకు వచ్చిన పనులు రాయండి. "గడియారం" అని రాయకుండా "పది మైక్రాన్ల తేడాలో లోహం కోయడం" అని రాస్తే, ఆ పని ఇంకెవరికి కావాలో వెతకడం మొదలవుతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ముందే ఉండాల్సింది | ఫలితానికి పట్టే కాలం | ఎక్కడ చెడుతుంది | పోతే మిగిలేది |
|---|---|---|---|---|
| ఉమ్మడి సదుపాయం | ఒకే రంగంలో 50కి పైగా యూనిట్లు, పనిచేసే సంఘం | 2–3 ఏళ్లు | మెషిన్ గంటలు అమ్ముడుపోవు, పెద్దల పెత్తనం | కలిసి పనిచేసే అలవాటు |
| యాంకర్ కంపెనీ | రవాణా, కరెంటు, శిక్షణ సంస్థ | ఉద్యోగాలకు 3–5, సరఫరాదారులకు 10–15 ఏళ్లు | అన్నీ బయటి నుంచే కొనడం, హఠాత్తుగా మూత | శిక్షణ ఉంటేనే పనితనం |
| పరిశోధన, సైన్స్ పార్క్ | బలమైన సంస్థ, స్థిరమైన మూలనిధి | 15–20 ఏళ్లు | భవనాలతో మొదలుపెట్టడం | మనుషులు |
| స్టార్టప్ నిధి | నైపుణ్యమున్న ఇంజనీర్లు, అనుభవమున్న పెట్టుబడిదారు | 7–10 ఏళ్లు | నష్టానికి హామీ | కొంత అనుభవం |
| పక్క రంగం | పాత రంగంలో లోతైన చేతిపని | 5–10 ఏళ్లు | పాత ఉత్పత్తి మీద మమకారం | పాత పనితనం అలాగే ఉంటుంది |

## మీరు ఎవరు అన్నదాన్నిబట్టి

ప్రణాళిక అధికారి అయితే, చిక్కని క్లస్టర్ ఇప్పటికే ఉంటే మొదటి దారి, దానికి తోడుగా చిన్న పరిశోధన ఒప్పందం. యాంకర్ కోసం స్థలం సిద్ధం చేసే ఖర్చు కంటే చాలా తక్కువలో ఇవి రెండూ చాలాచోట్ల అయిపోతాయి. ఏ రంగంలోనూ కోషెంట్ ఒకటిన్నర దాటకపోతే క్లస్టర్ ప్రాజెక్టులు రాయడం ఆపండి. ఐటీఐలు, రోడ్డు, నిలకడైన కరెంటు, వీటిమీదే ముందు పెట్టాలి. లేని క్లస్టర్‌ను డబ్బుతో పుట్టించడానికి చేసిన ప్రయత్నాల్లో చాలావరకు సబ్సిడీ అయిపోయిన రోజునే అయిపోయాయి.

పరిశ్రమల సంఘం అయితే, పెద్ద గ్రాంటుతో మొదలుపెట్టకండి. కలిసి ముడిసరుకు కొనడం, కలిసి ఒక ప్రదర్శనకు వెళ్లడం లాంటి చిన్న పనితో మొదలుపెట్టండి. ఒక లారీ ముడిసరుకు డబ్బుల దగ్గర కొట్లాడుకునేవాళ్లు ఉమ్మడి ప్లాంట్ నడపలేరు. ఆ సంగతి లారీ దగ్గరే తేలితే నష్టం తక్కువ.

యూనివర్సిటీ అయితే, పార్కు నమూనా తయారు చేయించే ముందు ఒక చిన్న పని: చుట్టుపక్కల ఇరవై కంపెనీల నుంచి నిజమైన సమస్యలు తెచ్చి, చివరి ఏడాది విద్యార్థుల ప్రాజెక్టులుగా ఇవ్వండి. రెండేళ్లలో కనీసం అయిదు కంపెనీలు సొంత డబ్బుతో మళ్లీ రాకపోతే, పార్కులో అద్దెకు దిగేవాళ్లు కూడా రారు. అధ్యాపకులు సెలవు పెట్టి కంపెనీ నడిపి, తిరిగి ఉద్యోగంలో చేరే వీలు నిబంధనల్లో ఉందో లేదో కూడా చూసుకోండి.

ఒకే ఫ్యాక్టరీ మీద బతుకుతున్న పట్టణమైతే, అయిదో దారి పని ఈరోజే మొదలుపెట్టాలి. ఫ్యాక్టరీలోని టూల్ రూమ్, మెయింటెనెన్స్ విభాగాల్లో ఎవరు ఏ పని చేయగలరో జాబితా ముందే ఉంటే, మూత ప్రకటించిన నెలలోనే వాళ్లను వేరే పనికి కలపవచ్చు. ఆ మనుషులు వేరే నగరాలకు చెదిరిపోయాక ఎంత నిధి పెట్టినా ఆ పనితనాన్ని మళ్లీ పోగుచేయలేం.

## ఎప్పుడు ఆపాలో ముందే రాసుకోండి

ఏ దారి ఎంచుకున్నా, మొదటి రూపాయి ఖర్చుకు ముందే ఆపే షరతులు ఒప్పందంలోకి రావాలి. ఉమ్మడి కేంద్రమైతే: వరుసగా ఆరు త్రైమాసికాలు వాడకం 40 శాతం కంటే తక్కువుంటే యంత్రాలను వేలంలో ప్రైవేటు నిర్వాహకుడికి ఇచ్చేయాలి, సభ్యులకు రేటు తగ్గింపు మాత్రం కొనసాగాలి. యాంకరైతే: అయిదో ఏడు చివరికి ఒప్పుకున్న స్థానిక కొనుగోళ్లలో సగం కూడా లేకపోతే మిగతా విడతలు ఆగాలి. పార్కైతే: మొదటి భవనం ముప్పాతిక భాగం నిండకుండా రెండో భవనానికి శంకుస్థాపన జరగకూడదు. నిధి అయితే: ప్రైవేటు 60 శాతం నిజంగా ఖాతాలో పడ్డాకే ప్రభుత్వ వాటా కదలాలి. ఈ అంకెలు మీ ప్రాంతాన్నిబట్టి మారవచ్చు. వాటిని ఎవరు లెక్కిస్తారో, ఏ తేదీన బోర్డు ముందు పెడతారో మాత్రం మొదటి రోజే పేరుతో సహా రాసి ఉండాలి.